జూరా ఎజే ఆకుల కుప్ప

ముల్లంగులు కడగకుండా పిల్లల చేత తినిపించానని జూరా ఎజే చేత రాయించుకున్నారు. ఆ సమయానికి, బాలవాడి బాయిలర్ పొయ్యి చూసుకునే నేను అదే గదిలో, కిటికీ కింద నేలమీద కూర్చుని, కారుతున్న రేడియేటర్ మర బిగిస్తున్నాను. చేతిలో పానా ఉన్నవాణ్ని ఎవరూ మనిషి కింద లెక్కపెట్టరు కనక నన్ను బయటికి పొమ్మనలేదు.

రాయించుకున్నది మా బాలవాడి డైరెక్టరు దమీరా ఎజే. వయసులో జూరా ఎజే కన్నా పదేళ్లు చిన్నది. అయినా పదవిని బట్టి అందరం ఆమెను కూడా అక్కగారిని చేసి ఎజే అనేవాళ్లం.

అంతకు రెండు రోజుల ముందు పదకొండుమంది పిల్లలకి వాంతులయ్యాయి. జిల్లా నుంచి తనిఖీవాళ్లు దిగారు. వంటగదిలో ఫ్రిజ్ శనివారం నుంచీ చల్లబడటం లేదని వంటమనిషి తాజికాన్‌కి తెలుసు, దమీరా ఎజేకి తెలుసు, దాన్ని బాగుచేయబోయి చేతకాక వదిలేసిన నాకూ తెలుసు. ఆ ఉదయం పిల్లలకి పెట్టిన జావ ఆ ఫ్రిజ్‌లో పాలతో కాచిందే. కానీ పాలకి కాగితం ఉంది. ఎక్కడివి, ఏ తేదీవి, ఎవరు సంతకం పెట్టారు, అన్నీ ఉన్నాయి. పిల్లలు తమ మడిలో పెరికి తిన్న ముల్లంగులకి ఏ కాగితమూ లేదు.

“మీరు పెద్దవారు, జూరా ఎజే. మీకు నేను చెప్పేదేముంది,” అంది దమీరా ఎజే, టీ గిన్నె ఆమె వైపు జరుపుతూ. “పాలని రాస్తే వంటగది మూస్తారు. వంటగది మూస్తే బడి మూస్తారు. తాజికాన్‌కి నలుగురు పిల్లలు.”

“మూడు నీళ్లు పోసి కడిగాం,” అంది జూరా ఎజే. “పిల్లలే కడిగారు. నేను పక్కనే ఉన్నాను.”

“కడిగారు. కాదని ఎవరన్నారు? కడగలేదని రాయమంటున్నా, అంతే. ముల్లంగిని తీసుకెళ్లి జైల్లో పెట్టరు కదా.”

జూరా ఎజే టీ ముట్టుకోలేదు. కలం అందుకుంది. తర్వాత రాసింది. బడిపిల్ల రాసినట్టు గుండ్రంగా, నిదానంగా, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. ఆ మర్నాటి నుంచి ఆమెను పెద్ద పిల్లల గది ఆయా పని నుంచి తీసేసి బట్టలుతికే గదిలో వేశారు. తోట జోలికి పోకూడదన్నారు.

వారం తిరక్కుండానే ఆ గది గుమ్మంలో ఐజర్కిన్ నిలబడింది. అయిదేళ్ల పిల్ల. తండ్రి కుబాత్ పొక్లెయిన్ నడుపుతాడు. నేను వేడినీళ్ల గొట్టం చూడటానికి వెళ్లి ఉన్నాను.

“ఎజే, మనం కడిగాం కదా. నేను తోకలు కూడా కడిగాను.”

“కడిగాం.”

“మరి కడగలేదని దమీరా ఎజే మా అమ్మతో చెప్పింది.”

జూరా ఎజే పిండుతున్న దుప్పటి తొట్టిలో వదిలేసింది. “నేనే అలా రాసిచ్చాను,” అంది.

“అబద్ధం రాశావా?”

“రాశాను.”

ఆ పిల్ల ఏడవలేదు, అరవలేదు. ఆమెను కాసేపు కింది నుంచి పైకి చూసి, చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నెలల తరబడి ఆమెతో మాట్లాడలేదు. అయిదేళ్ల వయసులో అంత పట్టుదల ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

ఆ సాయంత్రం బొగ్గుగది ముందు బల్ల మీద జూరా ఎజే కూర్చుంటే నేనన్నాను. “నేనైతే ఆ కాగితం ఆవిడ మొహాన కొట్టేవాణ్ని.”

“నువ్వు కొడతావులే, తమ్ముడూ. నీకేం, పుస్తకాలు చదివినవాడివి,” అంది. ఎగతాళో నిజమో తెలీని గొంతు. తర్వాత, “ఒకటి చెప్పాను. సరిపోయింది. ఆ పిల్లలతో ఇంకో అబద్ధం ఆడను,” అంది.

నిజం చెబితే నాకు ఆ రోజు ఆమె మీద జాలి కన్నా చులకనే ఎక్కువ కలిగింది. ఇలా సంతకాలు పెట్టేవాళ్లే కదా ఈ ఊరిని ఇలా తయారుచేశారు అనుకున్నాను. గని మూసేటప్పుడు మా నాన్న తరం వాళ్లు ఇలాగే సంతకాలు పెట్టారు. గ్రంథాలయం మూసేటప్పుడు అక్కడి పెద్దమనిషి ఇలాగే పెట్టాడు. ఆ గ్రంథాలయం పుస్తకాలు రెండు లారీల్లో మా బాయిలర్‌కి పొయ్యిరాజేయడానికి వచ్చాయి. నా చదువంతా అదే. చదివి పొయ్యిలో వేసేవాణ్ని, కొన్ని వెయ్యకుండా దాచేవాణ్ని. చదివినకొద్దీ మనుషుల మీద కోపం పెరిగింది తప్ప నాలో ఇంకేమీ పెరిగినట్టు లేదు.

జూరా ఎజే పొగాకు పల్లెలో పుట్టింది. ఆరేళ్లప్పటి నుంచి పొగాకు ఆకులు సూదికి గుచ్చింది. వ్యవసాయ పాఠశాలలో రెండేళ్లు చదివి, సర్కారు పొలంలో విత్తనాల గది చూసుకునే పని సంపాదించింది. రెండేళ్లకే దేశం ముక్కలై ఆ సర్కారు పోయింది, పొలం పోయింది, విత్తనాల గది తలుపులు కూడా ఎవరో ఊడబీక్కుపోయారు. తర్వాత అందరిలాగే మాస్కో వెళ్లింది. తొమ్మిదేళ్లు అక్కడి మేడల మధ్య వాకిళ్లు ఊడ్చింది. “ఒక్క ఆకు కింద ఉండకూడదు,” అని చెప్పేది. “రాలిన ఆకు రాలినట్టే సంచిలో కట్టెయ్యాలి. ఒకసారి సంచి కదిలింది. విప్పితే కప్ప. నేను ఎన్ని సంచులు కదలకుండా కట్టి పంపానో.” నాలుగేళ్ల కూతుర్ని తల్లి దగ్గర వదిలి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పదమూడేళ్ల పిల్ల గుమ్మంలో నిలబడి ఆమెను ‘మీరు’ అంది. ఆ మాట మళ్లీ ‘నువ్వు’ కాలేదు. కూతురు పెళ్లి చేసుకుని రాజధానికి, బిష్కేక్ వెళ్లింది. పండక్కి ఫోన్ చేస్తుంది.

బాలవాడిలో ఆయాగా చేరిన ఏడాదే బాయిలర్ వెనక బొగ్గు చిట్టెం పోసే చోటు చూసి, “ఇది ఎవరిది?” అని అడిగింది.

“ఎవరికీ అక్కర్లేనిది,” అన్నాను.

“అయితే పిల్లలది,” అంది.

చిట్టెం ఎత్తిపోసి, వాగొడ్డు నుంచి బట్టలతొట్టితో మట్టి తెచ్చింది. రోజుకు రెండు తొట్లు, ఒక వసంతమంతా. పద్దెనిమిదిమంది పిల్లలకి పద్దెనిమిది జానెడు మడులు. చదవటం రాని పిల్లలకి బట్టల అరల మీద ఒక్కొక్కరికీ ఒక్కో బొమ్మ ఉంటుంది కదా, చేప, గొడుగు, చెర్రీ, సుత్తి. అవే బొమ్మలు పుల్లల మీద వేసి ఎవరి మడిలో వాళ్ల పుల్ల గుచ్చింది. చేప బొమ్మ ఐజర్కిన్‌ది. సుత్తి సామత్ అనే బొద్దు పిల్లాడిది. ముల్లంగి, క్యారెట్, క్యాబేజీ, బఠానీ, ఉల్లి, సోయకూర. వారానికోసారి కాలవలో మా వంతు నీళ్లు వచ్చేవి. ఆ గంటసేపు పిల్లలు బురదలో దొర్లిన దూడల్లా ఉండేవాళ్లు.

ఆమె పాఠాలేమీ చెప్పేది కాదు. చూడమనేది. క్యాబేజీ మీద పచ్చపురుగులు పడ్డాయి. సామత్ రాయి తెచ్చాడు.

“కొట్టనా ఎజే?”

“అది ఏం చేసింది?”

“నా క్యాబేజీ తింటోంది.”

“నువ్వేం చెయ్యబోతున్నావు ఆ క్యాబేజీతో?”

వాడు ఆలోచించాడు. “తింటాను.”

“అయితే ఇద్దరూ మాట్లాడుకోండి.”

వాడు నిజంగానే కూర్చుని ఆ పురుగుతో మాట్లాడాడు. బయటి ఆకులు దానికి, లోపలి గుండు తనకని ఒప్పందం. పురుగు ఒప్పందం తప్పింది. సామత్ రెండు రోజులు దాన్ని దొంగా అని తిట్టాడు, చంపలేదు.

నీటితొట్టి కింద ఒక బోదురుకప్ప చేరింది. పొద్దంతా కదలకుండా, బుగ్గలు ఊపుతూ, అందర్నీ చూస్తూ కూర్చునేది. పిల్లలు దానికి ‘డైరెక్టరు’ అని పేరు పెట్టారు. జూరా ఎజే వద్దని చాలా చెప్పింది గానీ నవ్వు ఆపుకోలేకపోయేది. చూరులో పిచ్చుక పిల్లని గోరింక లాక్కుపోయినప్పుడు, పిట్ట ఎక్కడికెళ్లిందని పిల్లలడిగితే, వేరేవాళ్లయితే ఎగిరిపోయిందనేవాళ్లు. ఆమె, “గోరింక తినేసింది. దానికీ గూట్లో పిల్లలున్నాయి,” అంది. ఇద్దరు ఏడ్చారు. మర్నాడు అందరూ గోరింక గూడు ఎక్కడుందో వెతికారు.

ఇదంతా ముల్లంగి కాగితంతో పోయింది. మడుల మీద కంకర పోశారు. పాత టైర్లు కోసి వంచి హంసలు చేసి, తెల్లరంగు వేసి వరసగా నిలబెట్టారు. వాటి వీపుల్లో ప్లాస్టిక్ బంతిపూలు. పద్దెనిమిది పుల్లల్నీ దమీరా ఎజే బాయిలర్‌కి పంపింది. చలికి మళ్లీ పొయ్యి రాజేసినప్పుడు నేనే వేశాను. ఎండిన పుల్లలు, బాగా అంటుకున్నాయి.

మిగిలింది ఒకే ఒక్క మూల. బాయిలర్ గోడకీ ప్రహరీకీ మధ్య, ముసలి ఆప్రికాట్ చెట్టు కింద నాలుగడుగుల చోటు. అక్టోబరులో ఒక మధ్యాహ్నం, పిల్లలు షికారుకి బయటికొచ్చిన వేళ, ఆ మూల నుంచి సామత్ కేక వేశాడు.

అది కిర్పి, ఒళ్లంతా ముళ్లున్న చిన్న జంతువు. రెండు గుప్పిళ్లంత ఉంటుంది, ముట్టుకుంటే చుట్టుకుని ముళ్ల బంతి అయిపోతుంది. ప్రహరీ కింది కంతలోంచి వచ్చినట్టుంది. రాలిన ఆకుల్ని నోటితో ఈడ్చుకుంటూ చెట్టు మొదలు చుట్టూ తిరుగుతోంది.

జూరా ఎజే ఉతికే గది లోంచి తడి చేతులతో వచ్చి నిలబడింది. “పడక వేసుకుంటోంది,” అంది మెల్లిగా. “ఇంక చలికాలమంతా పడుకుంటుంది. అయిదు నెలలు.”

“అన్నం తినకుండానా?” అన్నాడు సామత్. అంత ఘోరం వాడు వినలేదు.

“తినకుండానే.”

“మరి ఒంటికొస్తే?”

“రాదు.”

“అయిదు నెలలూ?”

“నీలాంటిదైతే వచ్చేదేమో,” అంది. పిల్లలంతా నవ్వారు.

ఐజర్కిన్ నవ్వలేదు. దూరంగా నిలబడి ఉంది. మే తర్వాత మొదటిసారి ఆమెను నేరుగా అడిగింది.

“మళ్లీ లేస్తుందా?”

జూరా ఎజే తడి చేతులు తుడుచుకుంది. ఆ పిల్లకి ఏం చెప్పినా తూచి చెప్పాలని ఆమెకు తెలుసు. “మనం ఎవరం ముట్టుకోకపోతే, కదపకపోతే, లేస్తుంది. ఈ చెట్టు పూసినప్పుడు.”

“నిజంగా?”

“నిజంగా.”

పిల్ల తల ఊపింది. వెళ్లి రెండు గుప్పిళ్ల నిండా ఆకులు తెచ్చి వేసింది. చూసి మిగతావాళ్లూ తెచ్చారు. నడుమెత్తు కుప్ప అయింది. పిల్లల టీచరు నాజిక్ మంచి పిల్ల, చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఆ చలికాలమంతా ఆమె బతుకు ఆ కుప్ప చుట్టూనే తిరిగింది. వచ్చే జూన్‌లో ఆ పిల్లలు పెద్దబడికి పోతారు. వాళ్లలో ఒక పిల్ల తనని అబద్ధాలకోరుగా గుర్తు పెట్టుకుని పోతుంది. ఆ ముద్ర చెరగాలంటే ఒకటే దారి. చెట్టు పూయాలి, కిర్పి లేవాలి, ఐజర్కిన్ కళ్లతో చూడాలి. ఒక మనిషి ఇంత చిన్నదాని మీద ఇంత ఆశ పెట్టుకోవడం నాకు సిగ్గుగా ఉండేది. అలాగని ఎగతాళి చేయలేకపోయాను. పొద్దున్నే వచ్చి ఆ కుప్ప మీద మంచు ఎంత పడిందో చూసేది. గాలికి ఆకులు చెదిరితే సర్దేది. పిల్లలు ఆ పక్కగా వెళ్లేటప్పుడు వేళ్లమీద నడిచేవాళ్లు. ఫిబ్రవరి నుంచి ఐజర్కిన్ రోజూ చెట్టు కొమ్మలు చూసి, ఉతికే గది గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పి వచ్చేది.

“ఇంకా నల్లగానే ఉన్నాయి.”

“ఉండనీ.”

“ఇవాళ ఎర్రగా బుడిపెలొచ్చాయి ఎజే.”

“వచ్చాయా? అయితే ఇంక పది రోజులు.”

నూరుజ్ పండగకి ముందు శనివారం మా దగ్గర తండ్రులందరూ బడికి వచ్చి పనిచేస్తారు. వాకిలి ఊడ్చి, చెట్ల మొదళ్లకి సున్నం కొట్టి, చెత్తంతా పోగేసి తగలబెడతారు. పాత ఏడాది చెత్త కొత్త ఏడాదిలోకి రాకూడదు. ఏ ఇంటి ముందు చూసినా ఆ వారమంతా పొగే. పైగా ఆ ఏడాది పండగ సోమవారం పిల్లల పాటలు చూడటానికి జిల్లా నుంచి పెద్దలొస్తున్నారు.

జూరా ఎజే తల్లి పోయి ఆ శనివారానికి ఏడాది. పల్లెలో సంవత్సరీకం. పెద్ద కూతురు లేకుండా జరగదు. శుక్రవారం సాయంత్రం బొగ్గుగదికి వచ్చింది.

“రేపు అందరూ పారలు, ఆకులు లాగే పళ్లకర్రలు పట్టుకుని ఊగిపోతారు. నువ్వు ఆ మూల వదలొద్దు, మిర్లాన్. కావాలంటే దాని మీద కూర్చో.”

“మీరు వెళ్లిరండి ఎజే. నేనున్నాగా.”

“మర్చిపోవు కదా?”

“నేనేమన్నా సంతకాలు పెట్టేవాడినా,” అన్నాను. ఆ మాట ఎందుకన్నానో తెలీదు. ఆమె నాకోసం తెచ్చిన రొట్టె బల్లమీద పెట్టి వెళ్లింది.

మర్నాడు పన్నెండుమంది తండ్రులు వచ్చారు. తెల్లారేసరికి ఆప్రికాట్ కొమ్మల మీద మూడో నాలుగో పూలు విచ్చి ఉన్నాయి. నేను సున్నం బకెట్ పట్టుకుని ఆ చెట్టు దగ్గరే తచ్చాడాను. పదకొండింటికి దమీరా ఎజే కొత్త కోటు వేసుకుని వాకిలంతా చూసుకుంటూ వచ్చింది.

“ఈ కుప్పేమిటి? పెద్దలు ఈ దారినే వస్తారు.”

“దాంట్లో కిర్పి ఉంది, ఎజే,” అన్నాను. “పిల్లలది.”

“పిల్లలది అంటే? దానికి అర ఇచ్చామా, బొమ్మ అంటించామా?”

తండ్రులు నవ్వారు. కుబాత్ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ పళ్లకర్ర మీద వాలి నిలబడ్డాడు. “మా పిల్ల కూడా ఇంట్లో ఇదే గోల. కిర్పి, కిర్పి. పెళ్లి కుదిరినట్టు ఎదురు చూస్తోంది. ఒరే మిర్లాన్, నీకు దానికి కాపలా కాయమని జీతమిస్తున్నారా ఏంటి? గడ్డం మొలిచిన మగాడివి.”

“పుస్తకాలు చదువుతాడు,” అన్నాడు ఇంకొకడు. “అందులో రాసుంటుంది, కిర్పికి సలాం చెయ్యాలని.”

“ఉండండి, చూద్దాం,” అంటూ కుబాత్ పళ్లకర్ర తిరగేసి ఆ కుప్పలోకి నాలుగు పోట్లు పొడిచాడు. “ఏమీ లేదు. కదలటం లేదు. ఎప్పుడో వెళ్లిపోయింది.”

నిద్రలో ఉన్నది కదలదు. అది మా బడిలో ప్రతి పిల్లాడికీ తెలుసు. కాకపోతే శనివారం, పిల్లల్లేరు.

దమీరా ఎజే నా పక్కకి వచ్చి, నాకు మాత్రమే వినపడేలా అంది. “ఏప్రిల్ పదిహేనుకి పొయ్యి ఆర్పేస్తాం. ఎండాకాలం నిన్ను తోటమాలిగా ఉంచమని రాయాలా, వద్దా? ఆ కాగితం ఇవాళ నా బల్ల మీదే ఉంది, తమ్ముడూ.”

చదివిన పుస్తకాల్లోంచి ఒక్క మాట నోటికి రాలేదు. కుబాత్ చెయ్యి చాపాడు. “అగ్గి ఇవ్వు.” జేబులో ఉన్న లైటర్ తీసి అతని చేతిలో పెట్టాను. గాలికి రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి అతని చేతులకి అడ్డంగా నా చేతులు పెట్టింది నేనే.

పైన ఆకులు ఎండినవి, కింద తడివి. దట్టంగా తెల్లటి పొగ వచ్చింది. తర్వాత మంట. ఆ తర్వాత ఒక చప్పుడు. నేను తొమ్మిదేళ్లుగా పొయ్యి దగ్గర పనిచేస్తున్నాను. తడి కట్టె చేసే చప్పుడు నాకు తెలుసు, పగిలే బొగ్గు చప్పుడు తెలుసు. ఇది వాటిలో ఏదీ కాదు. కాసేపే వచ్చి ఆగిపోయింది. ఎవరో కారులో రేడియో పెంచారు. కుబాత్ గింజలు నమలటం ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు. తర్వాత అందరూ టీ తాగటానికి లోపలికి వెళ్లారు.

సోమవారం జూరా ఎజే పల్లె బస్సు దిగి తిన్నగా ఆ మూలకే వచ్చింది. చేతిలో సంవత్సరీకం రొట్టెల మూట. నల్లటి చక్రం, చెట్టు మొదలుకి కొట్టిన సున్నం మీద మసి. ఒక పక్క కొమ్మల మీద పూలు వాడి ముడుచుకున్నాయి. రెండో పక్క నిండుగా పూసి ఉన్నాయి.

“ఎజే, అందరూ కలిసి...” అన్నాను.

“పిల్లలొస్తున్నారు,” అంది.

పండగ బట్టల్లో, తలమీద కొత్త టోపీలతో, పద్దెనిమిదిమందీ పరుగెత్తుకొచ్చారు. వెనకే దమీరా ఎజే, జిల్లా పెద్దలిద్దరు, తల్లులు, కుబాత్. దమీరా ఎజే నవ్వు మొహంతో ముందుకొచ్చింది. “బంగారు తల్లులూ, మీ కిర్పి పొద్దున్నే లేచి కొండకి వెళ్లిపోయింది. మీ అందరికీ పండగ శుభాకాంక్షలు చెప్పమంది.”

సామత్ నమ్మేశాడు. “నడిచి వెళ్లిందా? దారి తెలుసా?” అన్నాడు.

ఐజర్కిన్ పూల వైపు చూసింది, నేలమీద నల్లటి చక్రం వైపు చూసింది. జూరా ఎజే దగ్గరికి వెళ్లి ఆమె పావడా పట్టుకుంది. “చెట్టు పూసింది ఎజే. లేచిందా?”

అక్కడ అందరూ ఆమెనే చూస్తున్నారు. ఒక్క మాట అంటే చాలు. లేచింది. ఆ పిల్ల నమ్మేది. ఆ క్షణంలో ఆమె ఏం చెప్పినా నమ్మడానికి వచ్చింది ఆ పిల్ల.

“లేవలేదు,” అంది జూరా ఎజే. “కాలిపోయింది. పెద్దవాళ్లం మేం కాల్చేశాం.”

ఆ తర్వాత పాటల్లేవు. పద్దెనిమిదిమందీ ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు. ఐజర్కిన్ పావడా వదిలి వెనక్కి నడిచింది. తండ్రి ఎత్తుకోబోతే చేతులతో, కాళ్లతో అతన్ని కొట్టింది. జూరా ఎజే ముట్టుకోబోతే ఆమెనూ కొట్టింది. “నువ్వు లేస్తుందన్నావు. నిజంగా అన్నావు,” అని ఒక్కటే మాట. జూరా ఎజే ఆ దెబ్బలు తింటూ అలాగే వంగి నిలబడింది. అన్నది నిజమే. ముట్టుకోకపోతే లేస్తుందంది. కానీ ఆ షరతు అయిదేళ్ల పిల్లకి ఎక్కడ గుర్తుంటుంది?

ఆ వారంలోనే ఆమెను పనిలోంచి తీసేశారు. పిల్లల్ని భయపెట్టిందని రాశారు. ఈసారి ఆమె సంతకం అడగలేదు, తల్లుల సంతకాలు సరిపోయాయి. ఐజర్కిన్‌ని మాన్పించి వేరే బడిలో వేశారు. నాకు తోటమాలి కాగితం వచ్చింది. ఎండాకాలమంతా టైరు హంసలకి రంగు వేశాను, ప్లాస్టిక్ పూలు కడిగాను.

ఆమెను ఆఖరిసారి చూసింది ఆగస్టులో, ఓష్ వెళ్లే బస్సుల దగ్గర. గళ్ల సంచి ఒకటి, రొట్టెల మూట ఒకటి. మళ్లీ మాస్కో. అదే మేడలట, అవే వాకిళ్లు.

“ఈ వయసులోనా ఎజే?”

“ఆకులకి నా వయసుతో ఏం పని,” అంది. “సెప్టెంబరు కల్లా రాలటం మొదలెడతాయి. మనుషులు కావాలట.”

సంచి ఎత్తి బస్సు పైన పెట్టాను. దిగాక అక్కడే నిలబడ్డాను. అయిదు నెలలు కడుపులో పెట్టుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. “లైటర్ నాది ఎజే. నేనే ఇచ్చాను.”

“తెలుసు. కుబాత్ చెప్పాడు. వాడు మా ఇంటికొచ్చి ఏడ్చి వెళ్లాడు. పిల్ల ఇప్పటికీ వాడి చేత్తో అన్నం తినటం లేదట.” ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. “సంతకం పెట్టడం ఎంత సులువో చూశావు కదా,” అంది. డ్రైవరు ఇంజను వేశాడు. మెట్టు మీద కాలు పెట్టి ఆగింది.

“ఒక్కటి అడుగుతాను. కాలేటప్పుడు అరిచిందా?”

నేను ఆమె మొహంలోకి చూడలేకపోయాను. “లేదు ఎజే,” అన్నాను. “నిద్రలోనే పోయింది. చప్పుడే లేదు.”

వెనక ఎవరో త్వరగా ఎక్కమన్నారు. ఆమె నా భుజం మీద అంటిన బస్సు దుమ్మును రెండు వేళ్లతో తుడిచింది. తొమ్మిదేళ్లు పొయ్యి దగ్గర పనిచేసినవాడికి ఏది ఏ చప్పుడో తెలుస్తుందని ఆమెకు తెలుసు.

“ఐజర్కిన్ ఎప్పుడైనా కనిపించి అడిగితే,” అంది, “నాకు చెప్పినట్టే చెప్పు. ఇంతకన్నా బాగా చెప్పు.”